రిజిస్టర్లో ఆరు రూపాయలు

మా నాయిన కోల్ ఫిల్లర్. కొత్తగూడెంలో బొగ్గుబాయి దిగినన్నేళ్లూ ఒక్కనాడు బత్తి పోగొట్టలేదు. దిగే ముందు ల్యాంప్ రూం కిటికీ దగ్గర తన నంబరు చెప్పి నెత్తికి పెట్టుకునే బత్తి తీసుకునేవాడు. షిఫ్టు అయ్యాక పైకొచ్చి అదే కిటికీలో అప్పగించేవాడు. ఏ నంబరు బత్తి తిరిగి రాలేదో చూస్తే ఏ మనిషి ఇంకా కిందే ఉన్నాడో తెలిసిపోతుంది. అందుకే తీసుకున్న వస్తువు తిరిగి అప్పగించడం మా ఇంట్లో చిన్న సంగతి కాదు. అట్లాంటి మనిషి పేరు మీద 1983 వానాకాలంలో ఒక గ్రంథాలయం రిజిస్టర్లో ఎర్ర సిరా పడింది. దానికి కారణం నేను.

అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాను. నాయిన తన కార్డు మీద గోర్కీ ‘అమ్మ’ తెచ్చుకున్నాడు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకం, గట్టి అట్ట. రాత్రి చదివి, పక్కనున్న గూట్లో పెట్టి పడుకున్నాను. మాది రేకుల ఇల్లు. ఆ రాత్రి వాన సరిగ్గా ఆ గూటి మీదే కారింది. పొద్దున చూస్తే పుస్తకం ఉబ్బి రెండింతలైంది. నాయిన తిట్టలేదు. పేజీకీ పేజీకీ మధ్య పాత పేపరు ముక్కలు పెట్టి, బొగ్గుపొయ్యికి మూరెడు దూరంలో రెండు ఇటుకల మీద నిలబెట్టాడు. మూడు రోజులు పట్టింది. కాగితాలు ఆరాయి గానీ అలలు తేలాయి, అంచులు గోధుమరంగుకు తిరిగాయి, పుస్తకం నిండా పొగవాసన.

గ్రంథాలయంలో దాన్ని తీసుకోలేదు. పాడైనా పోయినా లెక్క ఒకటేనన్నారు. రిజిస్టర్లో ధర 6 రూపాయలు. దానికి మూడింతలు, 18 రూపాయలు కట్టమన్నారు. నాయిన కట్టాడు, రశీదు అడిగి తీసుకున్నాడు, పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. “పైసలు కట్టినం గదా బిడ్డా, ఇగ ఆ ముచ్చట ఇడిశిపెట్టు” అన్నాడు. కానీ ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. కార్డు మళ్లీ రాయించుకోలేదు.

పెద్దయ్యాక నేను గ్రంథాలయం పనిలోనే చేరాను. ఈ ఊళ్లోనే ఒక కాలేజీలో 29 ఏళ్లు లైబ్రేరియన్‌గా కౌంటరుకు అవతలి వైపు కూర్చున్నాను. పుస్తకం పోయిందని తల వంచుకుని నిలబడ్డ పిల్లల దగ్గర డబ్బు నేనే తీసుకున్నాను. ఆ అంకె ఎక్కడినుంచి వస్తుందో, ఏది న్యాయమో అన్నది ఇన్నేళ్లుగా నన్ను వదలని సంగతి.

అంతా మొదలయ్యేది యాక్సెషన్ రిజిస్టరు దగ్గర. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికీ అందులో ఒక వరస ఉంటుంది. నంబరు, తేదీ, రచయిత, పుస్తకం పేరు, ప్రచురణ కర్త, అచ్చయిన సంవత్సరం, ధర, బిల్లు నంబరు, చివర రిమార్కులు. అదే నంబరు పుస్తకం లోపలి పేజీ మీదా వేస్తాం. ధర కాలమ్‌లో రాసేది కొన్ననాటి ధర. అది అక్కడే ఆగిపోతుంది. 1978లో 5 రూపాయలకు కొన్న నవల 2018లోనూ ఆ రిజిస్టర్లో 5 రూపాయలదే. బజారులో అదే నవల 250. “రిజిస్టర్లో అయిదే ఉంది గదా మేడం” అని పాఠకుడు అంటే కాదనలేం, రాసింది మేమే. ఆ అయిదు తీసుకుంటే మాత్రం బీరువాలో ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది.

రెండింతలు, మూడింతలు అనే నియమం ఈ చిక్కులోంచి పుట్టింది. పెరిగిన ధరను అందుకోవడానికి వేసిన మోటు లెక్క అది. పాత పుస్తకం పోతే మూడింతలు కట్టినా 15 రూపాయలే, గ్రంథాలయానికి నష్టం. నిరుడు 400 పెట్టి కొన్న పుస్తకం పోతే 1,200, కట్టేవాడికి అన్యాయం. ఒకే నియమం ఇద్దరినీ దెబ్బ తీస్తుంది. నాయిన కట్టిన పద్దెనిమిదిలో పన్నెండు రూపాయలు పుస్తకానికి కాదు, భయానికి. ఇప్పటికీ నేను అట్లాగే అనుకుంటాను.

చాలా గ్రంథాలయాల నియమాల్లో ఇంతకంటే మంచి దారి మొదటి వాక్యంగానే ఉంటుంది: అదే పుస్తకం, అదే ముద్రణో ఆ తర్వాతి ముద్రణో కొని తెచ్చివ్వాలి. డబ్బు మాట రెండోది. దురదృష్టం ఏమిటంటే కౌంటరు దగ్గర ఈ మొదటి వాక్యం ఎవరూ చదివి వినిపించరు. రశీదు పుస్తకం తీయడం సులువు. తెచ్చిన పుస్తకానికి కొత్త నంబరు వేయాలి, ముద్రలు కొట్టాలి, జేబు అతికించాలి, తేదీ చీటీ అంటించాలి, పాత వరసలో ఎర్ర సిరాతో ‘పోయినది, బదులు పుస్తకం నం.’ అని రాసి దానికీ దీనికీ ముడి వేయాలి. ఆ శ్రమకు కొన్నిచోట్ల పదో ఇరవయ్యో విడిగా తీసుకుంటారు. అందులో తప్పు లేదు.

లెక్క తెగని పుస్తకాలూ ఉన్నాయి. సూర్యరాయాంధ్ర నిఘంటువులో ఒక సంపుటం పోయిందనుకోండి. ఒక్క సంపుటం విడిగా దొరకదు, అది లేని మిగతా సంపుటాలు కుంటివి. అందుకే సెట్టులో ఒకటి పోతే మొత్తం ధర అడగొచ్చని చాలాచోట్ల రాసి పెట్టుకుంటారు. విరాళంగా వచ్చిన పుస్తకానికి ధర కాలమే ఖాళీ. అట్ట మీద అచ్చయిన ధర ఉంటే అది వేస్తాం, అదీ లేకపోతే అట్లాంటి పుస్తకం ఈరోజు ఎంతకు వస్తుందో విచారించి వేస్తాం. ధర డాలర్లలో ఉంటే కట్టేనాటి మారకం రేటు.

బజారులోనే లేని పుస్తకం సంగతి వేరు. మా బొగ్గుబావుల ప్రాంతానికి ఇది బాగా తెలిసిన బాధ. యూనియన్ ఆఫీసుల్లో, క్లబ్బుల్లో, కార్మికుల ఇళ్లల్లో ఒకప్పుడు సోవియట్ తెలుగు పుస్తకాలు ఉండేవి. మంచి కాగితం, కుట్టు బైండింగు, మూడు నాలుగు రూపాయలకే. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. కొన్నిటిని ఇక్కడివాళ్లు మళ్లీ అచ్చేశారు గానీ అన్నిటినీ కాదు. ఇక్కడే అచ్చయిన పుస్తకాల్లోనూ అట్లాంటివి ఉన్నాయి. వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు నెత్తిన మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి అమ్మిన మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. ఆయన ‘ప్రజల మనిషి’ ఇవాళ దొరుకుతుంది, పోగొట్టినవాళ్లు కొత్త ముద్రణ తెస్తే సంతోషంగా తీసుకుంటాను. ఆ గ్రంథమాల తొలినాటి ప్రతి పోతే మాత్రం ఏ రశీదూ దాన్ని తిరిగి తేలేదు. అట్లాంటివి ఇంటికివ్వకుండా అక్కడే చదివించాలి.

ఇక్కడ ఒక చట్టం అక్కరకొస్తుంది. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ప్రకారం, మన దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి, లాభం చూసుకోని ప్రజా గ్రంథాలయం తన వాడకం కోసం మూడు ప్రతులకు మించకుండా కాపీ తీసుకోవచ్చు. అంటే మరో గ్రంథాలయం నుంచి ఆ పుస్తకం తెప్పించి, జిరాక్సు తీయించి, బైండు చేయించి ఆ ఖర్చు మాత్రం పోగొట్టినవాళ్ల దగ్గర తీసుకోవడానికి వీలుంది. మూడింతలకంటే ఇది న్యాయం, బీరువాలో ఖాళీ కూడా నిండుతుంది.

ఈ ‘పుస్తకానికి పుస్తకం’ పద్ధతికి నాకు నచ్చిన ఉదాహరణ అమెరికాలో ఉంది. జార్జ్ వాషింగ్టన్ 1789 అక్టోబరు 5న న్యూయార్క్ సొసైటీ లైబ్రరీ నుంచి దేశాల మధ్య న్యాయం గురించి వాటెల్ రాసిన పుస్తకం తీసుకెళ్లాడు. తిరిగి ఇవ్వలేదు. రెండు వందల ఏళ్లు దాటాక, 2010లో, ఆయన ఇంటిని చూసుకునే మౌంట్ వెర్నన్ వాళ్లు అదే ముద్రణ ప్రతి ఒకటి వెతికి కొని తెచ్చి ఇచ్చారు. ఆలస్య రుసుము లెక్కగడితే లక్షల డాలర్లయ్యేదట. లైబ్రరీ ఒక్క డాలరు కూడా అడగలేదు.

ఆలస్య రుసుము వేరు, పోయిన పుస్తకం ఖరీదు వేరు. ఈ రెండిటినీ కలిపేసి భయపడేవాళ్లే ఎక్కువ. చికాగో పబ్లిక్ లైబ్రరీ 2019లో, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2021లో ఆలస్య రుసుములు ఎత్తేశాయి. పుస్తకం అసలే తిరిగి రాకపోతే ఖరీదు మాత్రం ఇప్పటికీ అడుగుతాయి. రుసుము ఎత్తేశాక చికాగోలో, ఎప్పటినుంచో ఇళ్లల్లో ఉండిపోయిన పుస్తకాలు పెద్ద ఎత్తున తిరిగొచ్చాయి. అంటే అవి పోలేదు, రుసుముకు జడిసి ఇళ్లల్లో దాక్కున్నాయి.

మా వృత్తిలోనే ఇంకో భయం ఉండేది. స్టాకు తనిఖీలో తగ్గిన పుస్తకాలకు లైబ్రేరియన్ జీతంలోంచి కోసే పద్ధతి మన దేశంలో చాలాకాలం నడిచింది. అట్లా కోత పడుతుందంటే ఎవరు బీరువా తాళం తీస్తారు? పుస్తకం చదివించినవాడికంటే దాచినవాడే మంచి ఉద్యోగి అయిపోయాడు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో గ్రంథాలయ సూత్రాలు అయిదు రాస్తే అందులో మొదటిది, పుస్తకాలున్నది వాడటానికి అని. ఆ ఒక్క మాటను తాళాలేసిన బీరువాల మధ్య నిలబెట్టడానికి ఎంతో కాలం పట్టింది. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 215వ నియమం, ఏడాదిలో ఇచ్చిన, చదివించిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోతే దాన్ని మామూలు నష్టంగా ఒప్పుకుంటుంది. మోసం, నిర్లక్ష్యం ఉండకూడదు. 1,000 రూపాయలు దాటిన పుస్తకం పోయినా, ధర ఎంతైనా అరుదైన పుస్తకం పోయినా విచారణ తప్పదు. రోజుకు 60 చొప్పున 300 రోజులు పుస్తకాలిచ్చే చోట ఇది 90 పుస్తకాల దాకా వస్తుంది. ఈ లెక్క తెలిసిన రోజు నా గుండెల మీంచి బరువు దిగింది. ఎక్కువమందికి ఇచ్చేకొద్దీ కొంత పోతుందని నియమమే ఒప్పుకున్నాక, ఎదురుగా నిలబడ్డ పిల్లను దొంగను చూసినట్టు ఎందుకు చూడాలి?

అట్లాగని పోతే పోనీ అనలేం. జిల్లా గ్రంథాలయ సంస్థ పుస్తకం మనందరిదీ. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం, ఆ పైసలతోనే అవి వస్తాయి. కానీ ప్రజా గ్రంథాలయం చేతిలో ఉన్న పట్టు చేరేటప్పుడు కట్టిన ధరావతు ఒక్కటే. దాన్ని పెంచితే పుస్తకాలు భద్రం, పేదవాడు గడప బయట. కాలేజీకి ‘నో డ్యూస్’ అనే పట్టు ఉంది. హాల్‌టికెట్ కావాలంటే లైబ్రరీ సంతకం ఉండాలి. ఆ సంతకం ఎంత బరువైనదో నేను చూశాను.

మా ఊరి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో కాంట్రాక్టు పని చేసే ఒకాయన కూతురు డిగ్రీ చదివేది. తెలుగు అకాడమీ అర్థశాస్త్రం పుస్తకం బస్సులో పోగొట్టింది. ఆ సంగతి చెప్పలేక రెండు నెలలు లైబ్రరీ వైపే రాలేదు. హాల్‌టికెట్లిచ్చే చివరి రోజు వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఆ తల్లి కొంగుముడి విప్పి, నలిగిన నోట్లు నా బల్ల మీద పెట్టి, “ఎంతయితదో తీస్కోండి మేడం, పిల్ల పరీచ్చ ఆగొద్దు” అంది. మా నియమం ప్రకారం మూడింతలు. బల్ల మీద అంత లేదు. నోట్లు ఆమె చేతికే తిరిగిచ్చాను. సంతకం చేశాను. డిగ్రీ అయిపోయిన ఒక సీనియర్ పిల్ల ఇంట్లో అదే ముద్రణ ఊరికే పడుంటే, వారం తర్వాత 50 రూపాయలకు ఇప్పించాను. అట్ట మీద బాల్‌పెన్నుతో గీసిన పూలున్నాయి. తీసుకున్నాను, కొత్త నంబరు వేశాను. తర్వాత కమిటీలో కూర్చుని ఆ మూడింతల నియమం ముందు ‘అదే పుస్తకం, పాతదైనా సరే, చదవడానికి పనికొస్తే చాలు’ అన్న మాట చేర్పించాను. విడతలవారీగా కట్టే వీలు కూడా పెట్టించాను. ఆ పిల్ల పరీక్షలయ్యాక నవలల కోసం వచ్చింది. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఖరీదు వసూలు చేసిన ప్రతిసారీ రశీదు పుస్తకంలో జమ కనిపిస్తుంది. మళ్లీ రాని మనిషి ఏ రిజిస్టర్లోనూ కనిపించడు. మా నాయిన కనిపించలేదు.

నాయిన పోయాక ఆయన ఇనప్పెట్టె తెరిచాను. జీతం చీటీలన్నీ ఏడాదివారీగా దారాలతో కట్టి ఉన్నాయి. అడుగున ఆ పుస్తకం ఉంది. అలలు తేలిన కాగితాలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా లీలగా పొగవాసన. అట్ట లోపల 18 రూపాయల రశీదు. పేజీల మధ్య చాలాచోట్ల అగ్గిపుల్లలు గుర్తుగా పెట్టి ఉన్నాయి. గ్రంథాలయం గడప తొక్కని ఆ ఏళ్లన్నీ ఆయన ఈ ఒక్క పుస్తకాన్నే మళ్లీ మళ్లీ చదివాడన్నమాట.

నేను రిటైరయ్యే ముందు దాన్ని మా కాలేజీ లైబ్రరీకి ఇచ్చాను. రిజిస్టర్లో వరస నేనే రాశాను. నంబరు, తేదీ, గోర్కీ, అమ్మ, మాస్కో. బిల్లు నంబరు దగ్గర ‘విరాళం’ అని రాసి, రిమార్కుల్లో ‘ఇంటికి ఇవ్వరాదు’ అన్నాను. ధర కాలమ్ దగ్గర పెన్ను ఆగింది. అట్ట మీద ధర నీళ్లకు చెరిగిపోయింది. కాసేపు ఆలోచించి 18 అని రాశాను.