వినబడని కొత్త మాట

తొమ్మిదో తరగతిలో ఉపాధ్యాయుడు జీవశాస్త్రం చెబుతున్నాడు. కిటికీ బయట లారీ ఒకటి హారన్ మోగించుకుంటూ పోయింది. పక్క గదిలో పద్యం వల్లె వేస్తున్నారు. నెత్తిమీద పంకా కటకటలాడుతున్నది. ఇంతలో ‘కిరణజన్య సంయోగక్రియ’ అన్న మాట ఆయన నోట వెలువడింది. కడపటి బల్లమీది కుర్రవాడి చెవికి చేరింది మాత్రం ‘క్రియ’ అన్న తోక ఒక్కటే.

తెలిసిన మాటైతే, వినబడని భాగాన్ని మనస్సే పూరించుకుంటుంది. కొత్త మాటను పూరించుకోవడానికి దానివద్ద సామగ్రి ఏదీ? ‘మళ్ళీ చెప్పండి మాస్టారూ’ అని పదిమందిలో లేచి అడగడానికి పధ్నాలుగేళ్ళ వయస్సులో బిడియం అడ్డువస్తుంది. వాడు పక్కవాడి పుస్తకంలో చూచి రాసుకుంటాడు. పరీక్షనాటికి వాడు ‘శ్రద్ధ లేనివాడు’గా లెక్కకు వస్తాడు.

తరగతిలోని రొద చిన్నపిల్లలనే బాధిస్తుందనీ, పెద్ద తరగతులవారు దానికి అలవాటు పడిపోతారనీ మనలో ఒక నమ్మకం వున్నది. ఇంగ్లండు ఉన్నత పాఠశాలల్లో జరిగి, 2019లో ప్రకటితమైన ఒక పరిశోధన ఈ నమ్మకాన్ని నిలవనీయదు. 11 మొదలు 16 ఏళ్ళ వయస్సుగల 976 మంది విద్యార్థులచేత విజ్ఞానశాస్త్ర పాఠాలు చదివించి, ప్రశ్నలడిగారు. చదువుతున్నంతసేపు హెడ్‌ఫోన్ల ద్వారా తరగతి గది రొదను వినిపించారు. రొద 50 డెసిబెళ్ళున్నప్పటికంటె 70 వున్నప్పుడు అన్ని వయస్సులవారూ తక్కువ ప్రశ్నలకు జవాబు చెప్పారు. పాఠంలోని విషయాలలోనూ, కొత్త మాటల అర్థాలలోనూ ఎక్కువ తప్పులు చేశారు. 64 డెసిబెళ్ళవద్ద నష్టం కనిపించింది 14 నుంచి 16 ఏళ్ళ పెద్దపిల్లలలోనే! కారణమేదైనా, వయస్సు కవచం కాదని తేలింది.

వారు అప్పుడు చేస్తున్న పని వినడం కాదు, చదవడం. అక్షరాలు కంటి ఎదుట నిలిచి వున్నా కొత్త మాటకు రొద అడ్డుపడిందంటే, గాలిలో పుట్టి గాలిలో కలిసే మాట గతి ఏమని చెప్పాలి?

ఐతే ఇది తీరని వ్యాధి కాదు. న్యూయార్కు నగరంలో రైలు వంతెన పక్కనే వున్న ఒక పాఠశాలను ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు పరిశీలించారు. రైలువైపు గదుల్లోని పిల్లలు అవతలివైపు వారికంటె చదవడంలో వెనుకబడి వున్నారని 1975లో ఆమె వెల్లడించారు. వారు చిన్న తరగతులవారే. తరువాత పట్టాల కింద రబ్బరు దిమ్మెలు వేశారు. గదుల పైకప్పులకు ధ్వనిని పీల్చుకునే పలకలు అమర్చారు. 1981లో మళ్ళీ పరిశీలిస్తే ఆ తేడా మాయమైంది. లోపం పిల్లల బుద్ధిలో లేదు, పట్టాలలో వున్నది.

మనదేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు విద్యాలయాల చుట్టూ 100 మీటర్ల మేరకు నిశ్శబ్ద ప్రాంతానికి అవకాశం కల్పించాయి. అట్టిచోట పగటి శబ్దానికి 50 డెసిబెళ్ళ హద్దు పెట్టాయి. చట్టం వీధిని అదుపు చేయవచ్చునుగాని, గదిలో పుట్టే రొదను అదుపు చేయలేదు. సిమెంటు నేల, నున్నని గోడలు ప్రతి చప్పుడునూ తిప్పికొడతాయి.

ఇందుకు పెద్ద ఖర్చులు అన్నివేళలా అవసరం లేదు. బల్లల కాళ్ళకు రబ్బరు తొడుగులు వేయవచ్చు. వదులైన పంకాను బిగించవచ్చు. ఉపాధ్యాయుడు ప్రతి కొత్త మాటనూ నల్లబల్లమీద రాసి, చివరి వరుసదాకా నడిచివెళ్ళి మరొకమారు పలకవచ్చు. అన్నిటికంటె ముందు, జవాబు చెప్పలేక నిలబడ్డ పిల్లవాణ్ణి ‘నీకు తెలియదా?’ అని గద్దించబోయే ముందు, ‘నీకు వినబడిందా నాయనా?’ అని అడగవలసి వున్నది.