ఆటోమేటిక్ కారా, మాన్యువల్ కారా? కుటుంబం ఆలోచించవలసిన విషయాలు

ఒకప్పుడు మన ఇళ్లలో కారు నడపడం ఒక్కరి పని. మిగిలినవారంతా ప్రయాణికులే. నేడు ఆ స్థితి మారుతోంది. కూతురు కళాశాలకు, కోడలు ఉద్యోగానికి, తల్లి వైద్యుని వద్దకు స్వయంగా వెళ్లవలసిన అవసరం కలుగుతోంది. అందుచేత కారు కొనదలచిన కుటుంబాలు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: గేర్లు మనం మార్చే కారు మేలా, తనంతట తానే మార్చుకునే కారు మేలా? ఆ కారును ఇంట్లో ఎవరెవరు నడుపుతారన్నదే మొదట చూడాలని మా అభిప్రాయం. ధర, మైలేజీ ఆ తరువాతివి.

రెంటికీ తేడా ఏమిటి?

బండి కదలడానికి బలం కావాలి. పరుగెత్తడానికి వేగం కావాలి. ఈ రెంటినీ అవసరాన్ని బట్టి అందించేది గేరుబాక్సు. మాన్యువల్ కారులో ఎడమ కాలితో క్లచ్ నొక్కి, చేత్తో గేరు మారుస్తాము. ఆటోమేటిక్‌లో క్లచ్ పెడల్ ఉండదు. బ్రేకు, యాక్సిలరేటర్ మాత్రమే ఉంటాయి.

ఈ సౌకర్యం కొత్తదేమీ కాదు. జనరల్ మోటార్స్ సంస్థ 1939లోనే ‘హైడ్రామాటిక్’ పేరుతో దీనిని మార్కెట్లోకి తెచ్చింది. మన దేశంలో మాత్రం 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ వల్లనే సామాన్య కుటుంబానికి చేరువైంది. ఏఎంటీలో ఉన్నది మామూలు గేరుబాక్సే. క్లచ్ నొక్కి గేరు మార్చే పనిని యంత్రం చేస్తుంది. కనుకనే దాని ధర తక్కువ, మైలేజీ దాదాపు మాన్యువల్‌తో సమానం. అయితే గేరు మారేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది. సీవీటీ, టార్క్ కన్వర్టర్, రెండు క్లచ్‌ల డీసీటీ రకాలు మరింత మృదువుగా సాగుతాయి. వాటి ధర, మరమ్మతు ఖర్చు కూడా ఎక్కువే.

ఎవరికి ఏది?

హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల రద్దీలో గంటసేపు క్లచ్ నొక్కుతూ ఉండేవారి మోకాళ్ల బాధ వారికే తెలుసు. వయసు పైబడిన తండ్రికి, కొత్తగా నేర్చుకునే గృహిణికి ఆటోమేటిక్ ఎంతో ఊరట. ఫ్లైఓవరు ఎత్తులో బండి ఆగిపోతుందన్న భయం తగ్గితే, దృష్టి రోడ్డుపై నిలుస్తుంది. తక్కువ ఖర్చు, ఎక్కడైనా మరమ్మతు కోరే పల్లె కుటుంబాలకు మాన్యువల్ అనుకూలం. బ్యాటరీ దిగిపోతే దానిని తోసి స్టార్ట్ చేసే వీలుంది. ఆటోమేటిక్‌కు అది కుదరదు.

మన దేశంలో ద్విచక్ర వాహనాలకు గేర్లు ఉన్నవి, లేనివి అని లైసెన్సులో భేదం ఉంది. కార్లకు అది లేదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఆటోమేటిక్‌పై పరీక్ష నెగ్గినవారు మాన్యువల్ నడపరాదు. ఉపాధికి గల్ఫ్ వెళ్లదలచిన మన యువకులు, డ్రైవరు ఉద్యోగాన్ని ఆశించేవారు ముందుగా మాన్యువల్ నేర్చుకోవడం వివేకం. అలాగే ఆటోమేటిక్ మాత్రమే తెలిసిన వ్యక్తి, చట్టం అడ్డుపడదు కదా అని అభ్యాసం లేకుండా మాన్యువల్ కారు తీయడం ప్రమాదకరం.

జాగ్రత్తలు

ఆటోమేటిక్ సులభమే గాని, అజాగ్రత్తను క్షమించదు. బ్రేకుకైనా, యాక్సిలరేటర్‌కైనా కుడి కాలినే వాడాలి. ఎడమ కాలికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. రెండు కాళ్లూ వాడితే కంగారులో ఒకదానికి బదులు మరొకటి నొక్కే అవకాశం ఉంది. ‘డీ’లో ఉన్న చాలా కార్లు బ్రేకు వదలగానే మెల్లగా ముందుకు కదులుతాయి. కనుక ఇంజను నడుస్తుండగా పిల్లలను కారులో ఒంటరిగా వదలరాదు. బండి ముందు వారిని నిలబెట్టరాదు. దిగే ముందు ‘పీ’లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేయాలి. చాలా ఏఎంటీ కార్లలో ‘పీ’ ఉండదు. వాటిని గేరులో ఉంచి ఆపాలి. ఎత్తులో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టరాదు. క్లచ్ త్వరగా అరిగిపోతుంది. చెడిపోయిన ఆటోమేటిక్‌ను తాడు కట్టి లాగకుండా, లారీపై ఎక్కించి తీసుకుపోవడం క్షేమం.

కొనేముందు షోరూములో తండ్రీ కొడుకులే కాక, నడపబోయే స్త్రీలు కూడా రెండు రకాలనూ నడిపి చూడాలి. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ఆపద వచ్చి, పురుషులు ఊళ్లో లేకపోతే, తాళం చెవి అందుకొని ధైర్యంగా ఆసుపత్రికి బయలుదేరగలిగే మరొకరు ఇంట్లో ఉండాలి. వారి చేతికి ఏ కారు నమ్మకంగా లొంగుతుందో అదే ఆ కుటుంబానికి తగిన కారు.