376 మంది పట్టే స్టీమరు... ఎక్కింది రెండు వేల పైచిలుకు!

టైటానిక్ అనగానే మంచుకొండ, జాక్, రోజ్ అని టకటకా చెప్పేస్తారు. మరి 'సుల్తానా' పేరెప్పుడైనా విన్నారా? అమెరికా చరిత్రలో అత్యధిక ప్రాణాలు తీసిన పడవ ప్రమాదం అదే. సముద్రంలో కూడా కాదండోయ్, మిసిసిపీ నదిలో! 1865 ఏప్రిల్ 27, రాత్రి సుమారు 2 గంటలప్పుడు, మెంఫిస్ ఊరు దాటి ఏడు మైళ్లు వెళ్లాక జరిగింది. హాలీవుడ్ మాత్రం టైటానిక్ టికెట్టే కొంది!

మీకు తెలుసా? సుల్తానాకు అనుమతి 376 మందికి. ఆ రాత్రి దాని మీద ఉన్నది 2,100కు పైనే! అంటే 50 సీట్ల ఆర్టీసీ బస్సులో 280 మందన్నమాట. ఫుట్‌బోర్డు మీద వేలాడదామన్నా వెయిటింగ్ లిస్టే!

ఎవరు వీళ్లంతా? ఎక్కువమంది అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనలకు చిక్కిన ఉత్తరాది సైనికులు. కహాబా, ఆండర్సన్‌విల్ శిబిరాల్లో తిండిలేక ఎముకల గూళ్లయి, యుద్ధం ముగిశాక ఇంటికి బయల్దేరినవాళ్లు. తూటాలు వదిలేశాయి, ఆకలి వదిలేసింది. ఇంటికి చేర్చాల్సిన స్టీమరే ముంచేసింది!

వేరే పడవలు లేకనా? మీకు తెలుసా, వీళ్లను ఎక్కించిన విక్స్‌బర్గ్ రేవులో అదే సమయంలో 'పాలీన్ కారోల్' అనే స్టీమరు దాదాపు ఖాళీగా నిలబడి ఉంది! కానీ సైనికుల్ని చేరవేస్తే ప్రభుత్వం తలకింతని డబ్బిచ్చేది. ఎన్ని తలలుంటే అన్ని డాలర్లు. లెక్కల్లో మాత్రం అందరూ గట్టివాళ్లే!

అక్కడే సుల్తానా బాయిలర్ ఒకటి కారుతోందని తేలింది. సరిగ్గా బాగుచేయాలంటే రోజులు పడతాయన్నాడు మెకానిక్. అంతసేపు ఆగితే ప్రయాణికులు వేరే పడవకు పోతారని కెప్టెన్ మేసన్‌కు బెంగ. చిన్న రేకుతో అతుకు వేయించి సరిపెట్టాడు. తర్వాత నాలుగు బాయిలర్లలో మూడు పేలాయి!

అంతకుముందు రోజు, అంటే ఏప్రిల్ 26న, హెలీనా రేవులో ఎవరో కెమెరా పెట్టారు. ఫొటో అనగానే జనమంతా ఒక్క పక్కకు ఎగబడ్డారట, స్టీమరు ఒరిగి తిరగబడబోయింది. ఆ ఫొటో ఈనాటికీ ఉంది! కిక్కిరిసిన డెక్కు మీద తలలే తలలు. అందులో చాలామందికి మర్నాటి సూర్యోదయం లేదు. సెల్ఫీ పిచ్చికి 160 ఏళ్ల చరిత్ర ఉందన్నమాట!

ఇప్పుడు నమ్మలేని సంగతి. స్టీమరులో ఒక మొసలి కూడా ఉంది! చెక్కపెట్టెలో పెంచుకుంటున్న మొసలి. మంటలు చుట్టుముడుతుంటే విలియం లుగెన్‌బీల్ అనే సైనికుడు దాన్ని బాయొనెట్‌తో పొడిచి చంపి, పెట్టెను నదిలోకి తోసి, అందులో ఎక్కి తేలుతూ బతికి బయటపడ్డాడు. బతికినంతకాలం ఈ కథ చెప్పుకోకుండా ఎవరుంటారు చెప్పండి!

ఇంకొకాయన చచ్చిన కంచరగాడిదను కౌగిలించుకుని తేలాడు. గాడిదను తిట్టుగా వాడేవాళ్లు కాస్త గమనించగలరు!

వరదతో నది అప్పటికే మైళ్ల వెడల్పున పొంగింది, నీళ్లు మంచులా ఉన్నాయి. ఏడు మైళ్ల ఎగువన జరిగిన ఘోరం మెంఫిస్‌కు ఎలా తెలిసిందో ఊహించగలరా? ప్రవాహంలో కొట్టుకొచ్చిన సైనికులు రేవు ముందు నుంచి పోతూ కేకలు వేశారు. బాధితులే వార్తాహరులు!

మరి చనిపోయినవాళ్లు ఎందరు? అప్పటి అధికారిక లెక్క 1,547, అంటే టైటానిక్ కంటే ఎక్కువే. 1,800 అన్నవాళ్లున్నారు. ఈమధ్య జాబితాలు తిరగేసి చూసినవాళ్లు 1,200కు కాస్త లోపే అంటున్నారు. ఎంతమందిని ఎక్కించారో సరిగ్గా రాసుకుంటే కదా, ఎంతమంది పోయారో తేలేది! ఏ లెక్క తీసుకున్నా అమెరికాలో ఈ రికార్డు దీనిదే. ఎవరూ బద్దలు కొట్టకూడని రికార్డు.

ఇంత పెద్ద ప్రమాదం ఎందుకు మరుగునపడింది? లింకన్ హత్య జరిగి రెండు వారాలు కూడా కాలేదు. హంతకుడు బూత్‌ను కాల్చి చంపింది సరిగ్గా ముందురోజు. పత్రికల్లో ఇక జాగా ఎక్కడిది? ఇంకో విడ్డూరం వినండి. యుద్ధంలో దక్షిణాన టెలిగ్రాఫ్ తీగలు తెగిపోతే, లింకన్ హత్య వార్తను నది వెంట ఊరూరికీ మోసుకెళ్లింది ఏ స్టీమరు? మన సుల్తానాయే! ఆ వార్తను మోసి, చివరికి ఆ వార్త కిందే మునిగింది!

శిక్ష ఎవరికి పడింది? ఎవరికీ పడలేదు! ఇంతమందిని ఎక్కించినందుకు ఒక్క సైనికాధికారి, కెప్టెన్ స్పీడ్‌ను సైనిక కోర్టు తప్పుపట్టింది, పైవాళ్లు ఆ తీర్పునూ కొట్టేశారు. ఇదంతా బొగ్గుముక్కలా చేసిన బాంబు పెట్టిన విద్రోహి పని అని 1888లో ఒకాయన చెప్పాడు. ఆ విద్రోహి తనతో ఒప్పుకున్నాడట, ఎక్కడో తెలుసా? సారా కొట్లో!

దేశం మరిచింది, బతికినవాళ్లు మరవలేదు. వీళ్లు ఏటా ఏప్రిల్ 27కు దగ్గర్లో కలుసుకునేవాళ్లు. ఉత్తరాదివాళ్లు ఒకచోట, టెన్నెసీవాళ్లు నాక్స్‌విల్‌లో. టెన్నెసీ రాష్ట్రం దక్షిణాది కూటమిలో ఉన్నా, దాని తూర్పు కొండప్రాంతం నుంచి ఉత్తరాది సేనలో చేరినవాళ్లు ఎందరో, ఈ స్టీమరులో పోయినవాళ్లూ ఎందరో. 1916 జులై 4న నాక్స్‌విల్ శ్మశానవాటికలో పాలరాతి స్మారకం నిలిపారు, రాతి మీద స్టీమరు బొమ్మ, తమ టెన్నెసీ సైనికుల పేర్లు. పేలుడు జరిగిన 51 ఏళ్లకు!

మీటింగులో కుర్చీలు తగ్గుతూ వచ్చాయి. 1929లో నాక్స్‌విల్‌కు వచ్చింది ఇద్దరు. 1930లో ఎందరొచ్చారో తెలుసా? ఒకే ఒక్కడు! అయినా వచ్చాడు. ఇక్కడ మాత్రం జోకు వేయబుద్ధి కావడం లేదు.

అందరిలో చివరివాడు చార్ల్స్ ఎల్‌డ్రిడ్జ్. జైలు శిబిరం, పేలుడు, వరద... మూడూ దాటి 1941 దాకా బతికాడు. వయసు 96! యముడు ఆయన చిరునామా పోగొట్టుకున్నట్టున్నాడు.

సుల్తానా ఇప్పుడెక్కడుందో చెప్పగలరా? నది అడుగున అన్నారా, తప్పు! సోయాబీన్ చేను కింద! మిసిసిపీ దారి మార్చుకుని రెండు మైళ్లు తూర్పుకు జరిగింది. 1982లో జెర్రీ పాటర్ అనే మెంఫిస్ లాయరు బృందం ఆర్కన్సా ఒడ్డున 32 అడుగుల లోతున కాలిన చెక్కలు బయటపెట్టింది. సుల్తానావే అని నమ్మకం. పడవ కోసం నాగలి పట్టుకుని వెతకాలన్నమాట!

1987 నుంచి మృతుల, బతికినవారి వారసులు ఏటా ఒక ఊళ్లో కలుస్తున్నారు. సిన్సినాటి, మన్సీ, హిల్స్‌డేల్, మెంఫిస్, విక్స్‌బర్గ్... ఊరూరా స్మారక చిహ్నాలు లేచాయి. 150 ఏళ్లు నిండిన 2015లో ఆర్కన్సాలోని మారియన్‌లో మ్యూజియమే తెరిచారు. అందులో 14 అడుగుల సుల్తానా నమూనా పెట్టారు. అది మాత్రం పేలదు!

మారియన్‌లోనే ఎందుకంటారా? ఆ తెల్లవారుజామున మారియన్ వైపు ఒడ్డున ఉన్నది నిన్నటిదాకా దక్షిణాది పక్షాన నిలిచిన జనం. మొన్నటి శత్రువుల్నే నీళ్లలోంచి లాగారు. జాన్ ఫోగల్‌మన్ అనే ఆయన దుంగలు కట్టి తెప్ప చేసి, మండుతున్న స్టీమరు మీద చివరికంటా చిక్కుకున్నవాళ్లను తెచ్చాడు. ఆయన వంశంలోని ఫ్రాంక్ ఫోగల్‌మన్ తర్వాత ఏమయ్యాడో తెలుసా? మారియన్ మేయరు!