ఇసుకలో బండి దిగబడితే

ఆషాఢ మాసం. గాలి హోరున వీస్తోంది. వేదవతి ఏటి పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో ఒక తల్లికి నొప్పులు మొదలయ్యాయి. ఊళ్లో ఉన్న జీపు తెచ్చారు. తల్లిని ఎక్కించారు. ఊరు దాటగానే దారికి అడ్డంగా ఇసుక మేట. నిన్న ఇంత లేదు. రాత్రి గాలికి వచ్చి పడింది.

జీపు ఇసుకలో దిగబడింది. డ్రైవరు కంగారు పడ్డాడు. గట్టిగా తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగాయి. ఇసుక వెనక్కి చిమ్మింది. జీపు ముందుకు కదల్లేదు. ఇంకా లోపలికి దిగింది.

"నిలుపు నాయనా! తొక్కేకొద్దీ లోపలికే పోతాది" అని కేక వేశాడు పక్క చేలో ఉన్న పెద్దాయన.

"ఇది ఫోర్‌వీలు బండి పెద్దాయనా. నాలుగు చక్రాలూ లాగుతాయి. అయినా కదలదేం?" అన్నాడు డ్రైవరు.

"నాలుగు చక్రాలూ తిరిగితే నాలుగు గుంతలు తవ్వుతాది. దిగు. ముందు పార అందుకో" అన్నాడు పెద్దాయన.

పెద్దాయన మాటలో నిజం ఉంది. ఆ నిజం ఏమిటో తెలుసుకుందాం.

ఈ ఇసుక ఎక్కడిది?

అనంతపురం కరువు జిల్లా. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. అలాంటి మెట్ట నేలలో ఇసుక దిబ్బలు ఉన్నాయంటే చాలామంది నమ్మరు. కానీ కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఉన్నాయి. దర్గాహొన్నూరు, గోవిందవాడ వైపు పోతే కనిపిస్తాయి.

ఈ ఇసుక వేదవతి ఏటిది. ఈ ఏటినే హగరి అని కూడా అంటారు. వేదవతి కర్ణాటకలో పుట్టి మన జిల్లాలోకి వస్తుంది. గుమ్మగట్ట మండలంలో దీని మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏరు ఎండి ఉంటుంది. ఏట్లో ఇసుకే మిగులుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి బలంగా వీస్తుంది. ఆ గాలి ఏటి ఇసుకను లేపి తూర్పు వైపు చేల మీద పోస్తుంది. చేలు పూడుతాయి. దారులు పూడుతాయి.

చక్రం ఎందుకు దిగుతుంది?

ఒక గునపం తీసుకోండి. ఇసుకలో నిలబెట్టి నొక్కండి. సులువుగా దిగుతుంది. అదే గునపాన్ని ఒక చెక్కపలక మీద పెట్టి నొక్కండి. పలక దిగదు. బలం ఒకటే. కానీ గునపం మొన కింద ఆ బలమంతా ఒక్కచోటే పడుతుంది. పలక కింద నాలుగు వైపులా పంచుకుపోతుంది.

బండి చక్రం సంగతి కూడా ఇంతే. పాతకాలం ఎద్దుల బండికి సన్నని ఇనుప పట్టా ఉండేది. ఇసుకలో అది కోసుకుంటూ దిగేది. ఎద్దులు రొప్పేవి. తర్వాత టైరు బండ్లు వచ్చాయి. టైరు వెడల్పు. అందుకే అంతగా దిగదు. ట్రాక్టరు వెనక చక్రాలు అంత పెద్దగా, వెడల్పుగా ఉండడానికి ఒక కారణం ఇదే. ఒంటె పాదం కూడా వెడల్పే. బరువు పడగానే ఇంకా పరుచుకుంటుంది.

ఇంకొక సంగతి. ఎండిన ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. జారిపోతాయి. చక్రం వేగంగా తిరిగితే కింది ఇసుకను తోడి వెనక్కి పోస్తుంది. తన గుంత తానే తవ్వుకుంటుంది. ఫోర్‌వీలు బండిలో ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. ఇది మంచిదే. కానీ బలం వేరు, పట్టు వేరు. ఇసుక మీద పట్టు లేకపోతే బలం గుంత తవ్వడానికే పనికివస్తుంది.

టైరులో గాలి తగ్గించాలి

ఇదే అసలు కిటుకు. తారు రోడ్డు మీద జీపు టైరులో సుమారు 30 పౌన్ల గాలి ఉంటుంది. మెత్తని ఇసుకలోకి దిగే ముందు దాన్ని 15 నుంచి 18 పౌన్లకు తగ్గించాలి. అప్పుడు టైరు కింద పరుచుకుంటుంది. గాలి సగమైతే, నేలను తాకే జాగా దాదాపు రెట్టింపు అవుతుంది. బరువు పంచుకుపోతుంది. చక్రం ఇసుకను తవ్వదు. పైన నడుస్తుంది.

మరీ తగ్గించకూడదు. 10 పౌన్లకు దిగితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు.

రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఈ పనే చేశాడు. 1920ల చివర, 1930లలో ఆయన ఈజిప్టు, లిబియా ఎడారుల్లో ఫోర్డు కార్లు నడిపాడు. అవి ఫోర్‌వీలు బండ్లు కావు. అయినా టైర్లలో గాలి తగ్గించి పెద్ద పెద్ద దిబ్బలు దాటాడు. దిగబడినప్పుడు చక్రాల కింద ఇనుప పట్టాలు వేశాడు. గాలికి ఇసుక ఎలా కదులుతుందో కనిపెట్టి 1941లో పుస్తకం అచ్చు వేయించాడు.

నడిపేటప్పుడు

ముందు బండి దిగి నడిచి చూడాలి. కాలు మడమ దాకా దిగితే జాగ్రత్త పడాలి. ఫోర్‌వీలు గేరు ఇసుకలోకి రాకముందే వేయాలి. దిగబడ్డాక వేస్తే లాభం తక్కువ.

ఒకే గేరులో, ఒకే వేగంతో పోవాలి. మధ్యలో గేరు మారిస్తే ఊపు పోతుంది. బండి నిలిచిపోతుంది. స్టీరింగు మెల్లగా తిప్పాలి. గట్టిగా బ్రేకు వేయకూడదు. వేస్తే చక్రం ముందు ఇసుక కుప్ప పడుతుంది. ముందు పోయిన బండి గాడి ఉంటే, దాంట్లోనే పోవడం మేలు. అక్కడ ఇసుక అణిగి ఉంటుంది.

తెల్లవారుజామున మంచుకు తడిసిన ఇసుక కొంచెం గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో వదులవుతుంది.

దిబ్బకు గాలి కొట్టే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టి. రెండో వైపు నిటారు, ఇసుక మెత్తన. దిబ్బ ఎక్కినా దిగినా నేరుగా పోవాలి. అడ్డంగా పోతే బండి బోల్తా పడుతుంది.

దిబ్బ మీద గడ్డి, పొదలు ఉంటే వాటిని తొక్కకూడదు. ఇసుకను పట్టి ఉంచేవి అవే. వాటి వేరు తెగితే ఆ ఇసుక రేపు ఎవరి చేను మీదనో పడుతుంది.

దిగబడితే

మొదటి పని, తొక్కడం ఆపాలి. జనం దిగాలి. బరువు తగ్గుతుంది. తర్వాత వచ్చిన గాడిలోనే మెల్లగా వెనక్కి పోయి చూడాలి.

కదలకపోతే పార పట్టాలి. నాలుగు చక్రాల ముందు ఇసుక తీయాలి. బండి పొట్ట ఇసుక మీద ఆని ఉంటే అక్కడా తీయాలి. చక్రాల ముందు గోనె సంచులు, చెక్కపలకలు, కొమ్మలు పరచాలి. ముళ్ల కంప వేయకూడదు. టైరుకు గుచ్చుకుంటుంది.

బండిని నెట్టేవారు చక్రాలకు సూటిగా వెనక నిలబడకూడదు. పలక ఎగిరి కొట్టవచ్చు. మోకు కట్టి ట్రాక్టరుతో లాగేటప్పుడు మోకుకు దూరంగా ఉండాలి. అది తెగితే ప్రాణం తీస్తుంది. జాకీ వేస్తే దాని కింద పలక పెట్టాలి. లేకపోతే జాకీ కూడా దిగుతుంది. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు.

ఏట్లో బండి దిగబడితే ఇంకా జాగ్రత్త. ఇక్కడ వాన లేకపోయినా ఎగువన వాన పడితే ఏరు రావచ్చు. నీళ్లు వస్తున్నట్టు అనిపిస్తే బండిని వదిలి మనుషులు గట్టెక్కాలి. బండి మళ్లీ వస్తుంది. మనిషి రాడు.

ఆ తల్లి ఏమైంది?

పెద్దాయన చెప్పినట్టే చేశారు. తల్లిని మెల్లగా దించి చెట్టు నీడలో కూర్చోబెట్టారు. ఆడవాళ్లు పక్కన నిలిచి చీరలు అడ్డం పట్టారు. నలుగురు చేరి ఇసుక తీశారు. గోనె సంచులు పరిచారు. డ్రైవరు నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించాడు. ఈసారి గట్టిగా తొక్కలేదు. జీపు మెల్లగా కదిలింది. మేట దాటి గట్టి నేల మీద నిలిచింది. తల్లిని మళ్లీ ఎక్కించారు.

తారు రోడ్డు రాగానే డ్రైవరు పంపుతో గాలి కొట్టబోయాడు. అది మరవకూడని పని. గాలి తక్కువగా ఉన్న టైరు రోడ్డు మీద వేగంగా పోతే వేడెక్కి పగులుతుంది. ఇంతలో ఫోను చేసిన 108 అంబులెన్సు రోడ్డు మీదికి వచ్చింది. తల్లిని అందులో పంపారు. సాయంత్రానికి ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం.

"బండికి బలం ఉంటే చాలనుకున్నా పెద్దాయనా" అన్నాడు డ్రైవరు.

"ఇసుకతో పోట్లాడకూడదు నాయనా. దాని మీద మెల్లగా నడవాల" అన్నాడు పెద్దాయన.

ఆ రోజు నుంచి జీపులో ఒక పార, నాలుగు గోనె సంచులు, రెండు పలకలు, ఒక గాలి పంపు ఎప్పుడూ ఉంటున్నాయి.

చర్చించండి

1. టైరులో గాలి తగ్గిస్తే బండి ఇసుకలో ఎందుకు దిగదు?
2. మీ ఊరి దారిలో బండ్లు దిగబడే చోట్లు ఏవి? వాన కాలంలో, గాలి కాలంలో అక్కడ ఏం చేస్తున్నారు?
3. ఆపదలో ఉన్న మనిషిని తీసుకుపోయే బండిలో ఏయే సామాన్లు ఉండాలి? పట్టిక రాయండి.