పసిబిడ్డతో పడవ విహారం: వేసవిలో పాటించవలసిన జాగ్రత్తలు

వేసవి సెలవులు సమీపించగానే ప్రతి ఇంటా విహారయాత్రల ప్రస్తావన మొదలవుతుంది. లాంచీలో కొండల నడుమ ప్రయాణించాలని, నది ఒడ్డున ఒక రాత్రి గడపాలని ఎవరికి ఉండదు? అయితే ఇంట్లో నడక నేర్చిన పసిబిడ్డ ఉన్నప్పుడు "ఈ ఏడాదికి వద్దులే" అన్న మాటతో ఆ ప్రస్తావన ముగియడం పరిపాటి. ఎండదెబ్బ, నీటి గండం, విరేచనాలు, దోమకాటు అనే నాలుగు భయాలే ఇందుకు కారణం. ఈ నాలుగింటికీ ముందుగా సిద్ధపడిన కుటుంబం నిశ్చింతగా వెళ్ళి రావచ్చునని మా అనుభవం.

మా అమ్మాయికి ఏడాదీ ఎనిమిది నెలలు నిండిన 2017 మే నెలలో మేము పాపికొండల యాత్రకు బయలుదేరాము. ఆ రాత్రి కొల్లూరు ఇసుకతిన్నెల మీది వెదురు గుడిసెలలో బస. "పసిదాన్ని నడివేసవిలో ఏటి మీదికి తీసుకువెళతావా అమ్మాయ్?" అని మా అత్తగారు మొదట అభ్యంతరం చెప్పారు. చివరకు ఆవిడే మాతో వచ్చారు. వస్తూ వరిపేలాలు, వట్టివేరు, పెసరపప్పు, రాగిపిండి మూటగట్టి తెచ్చారు. ఆ మూట విలువ ఎంతటిదో ప్రయాణంలోనే తెలిసింది.

గ్రీష్మ ఋతుచర్య

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయం సూత్రస్థానంలోని మూడవ అధ్యాయంలో ఋతుచర్యను వివరించాడు. గ్రీష్మంలో సూర్యుడు ప్రాణుల బలాన్ని హరిస్తాడని, కఫం క్షీణించి వాతం పెరుగుతుందని ఆయన చెప్పాడు. మధురమైన, తేలికైన, చల్లనైన, ద్రవరూపమైన ఆహారం తీసుకోవాలని, ఉప్పు, పులుపు, కారం, వ్యాయామం, ఎండ తగ్గించాలని సూచించాడు. ఇతర ఋతువులలో కూడదన్న పగటి నిద్రను ఈ ఋతువులో అనుమతించాడు.

మేము ప్రయాణాన్ని ఈ సూత్రం ప్రకారమే అమర్చుకున్నాము. ఉదయం పది గంటలలోపు, సాయంత్రం నాలుగు తరువాత మాత్రమే బిడ్డ ఆరుబయట ఉండేది. మధ్యాహ్నం లాంచీ పైఅంతస్తు ఎంత ఆకర్షణీయంగా కనిపించినా, కింది భాగంలో గాలి వీచే చోట తడిబట్ట పరచి నిద్రపుచ్చాము. పొడవు చేతుల పల్చని నూలు చొక్కా, అంచు వెడల్పుగల టోపీ తప్పనిసరి. నీటి మీద పడిన ఎండ తిరిగి పైకి ప్రతిఫలిస్తుంది కనుక నీడలో ఉన్నా చర్మం కందే అవకాశం ఉంది.

ఆహార పానీయాలు

రెండేళ్ళ బిడ్డకు ఆహారంలోని నీటితో కలిపి రోజుకు సుమారు 1.3 లీటర్ల ద్రవం అవసరం. ఎండలో ఇంకా ఎక్కువ కావాలి. దాహమని చెప్పడం పసివారికి తెలియదు కాబట్టి అరగంటకొకసారి రెండు గుక్కలైనా తాగించాలి. తల్లిపాలు తాగే బిడ్డకు పాలు మానిపించకూడదు. కాచి చల్లార్చిన నీటిని ఇంటి నుంచే తీసుకువెళ్ళాలి. నది నీరు ఎంత తేటగా ఉన్నా తాగడానికి పనికిరాదు. నీరు కాచేటప్పుడు శుభ్రపరచిన వట్టివేరు కొద్దిగా వేసి వడగడితే సువాసనతో ఉంటుంది, పిల్లలు ఇష్టంగా తాగుతారు.

ఉదయం రాగిజావ, మధ్యాహ్నం మెత్తని పెరుగన్నం లేదా పెసరకట్టుతో అన్నం, సాయంత్రం అరటిపండు మా అమ్మాయి ఆహారం. పడవలో వండిన మసాలా కూరల జోలికి పోలేదు. ప్రయాణాలలో కాలక్షేపంగా తినే వేరుశనగ గింజలు, పుట్నాలు, చేగోడీలు నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదు. ఊగే పడవలో అవి గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఎక్కువ. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం కూడా కూడదు.

విరేచనాలు పట్టుకుంటే

కొల్లూరులో తెల్లవారేసరికి అమ్మాయికి నీళ్ళ విరేచనాలు మొదలయ్యాయి. సమీపంలో ఆసుపత్రి లేదు. లాంచీ బయలుదేరడానికి ఇంకా నాలుగు గంటల వ్యవధి ఉంది. మా అత్తగారు వరిపేలాలను నీటిలో ఉడికించి, వడగట్టి, గోరువెచ్చగా చెంచాతో పట్టించారు. లాజమండమని ఆయుర్వేదంలో ప్రసిద్ధమైన పథ్యం ఇదే. దానితోపాటు ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపిన నీటిని విరేచనమైన ప్రతిసారీ కొద్దికొద్దిగా ఇచ్చాము. మధ్యాహ్నానికి పిల్ల తేరుకొని, మూత్రం మామూలుగా పోసింది. అంతవరకు మా ప్రాణాలు కుదుటపడలేదు.

పొట్లం దొరకనప్పుడు లీటరు కాచిన నీటిలో ఆరు సమతల చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. టీ చెంచానే కొలతగా వాడాలి. ఉప్పు మించితే హాని. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనానికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసువారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టించాలి. కళ్ళు గుంటలు పడటం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, మగతగా ఉండటం, మలంలో రక్తం కనిపించడం వంటి లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి చేర్చాలి.

ఎండదెబ్బ విషయమూ అంతే. జేబులో ఉల్లిపాయ ఉంచుకోవడం పెద్దల ఆనవాయితీ. దానివల్ల నష్టం లేదు గాని నీటికి, నీడకు అది ప్రత్యామ్నాయం కాదు. ఒళ్ళు కాలిపోతూ బిడ్డ మత్తుగా ఉంటే బట్టలు విప్పి, ఒంటిమీద నీళ్ళు పోస్తూ, విసురుతూ వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. స్పృహలేని బిడ్డ నోట్లో ఏమీ పోయరాదు.

నీటి గండం

మరుసటి వేసవిలో ఒక జలాశయం వద్ద పడవ ఎక్కబోతూ బిడ్డకు సరిపడే లైఫ్ జాకెట్ అడిగాము. "చిన్నపిల్లే కదమ్మా, ఒళ్ళో కూర్చోబెట్టుకోండి" అన్నాడు పడవ నడిపే మనిషి. టిక్కెట్ల డబ్బు అప్పటికే చెల్లించాము. తోటి ప్రయాణికులు ఆలస్యమవుతోందని విసుక్కున్నారు. అయినా మేము దిగిపోయాము. ఒడిలోని బిడ్డను పట్టుకోవడం పడవ తిరగబడిన క్షణంలో ఎవరి తరమూ కాదు. ఆ తరువాత బిడ్డ కొలతకు జాకెట్ కొని, ప్రతి యాత్రకూ వెంట తీసుకువెళుతున్నాము. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద జరిగిన ఘోర లాంచీ ప్రమాదం తలచుకుంటే, ఆనాటి పట్టుదల అతిజాగ్రత్త అని ఎవరూ అనలేరు.

జాకెట్‌కు మెడ వెనుక తలను నిలిపే పట్టీ, కాళ్ళ మధ్యగా బిగించే పట్టీ ఉండాలి. తొడిగాక భుజాల వద్ద పట్టుకొని పైకెత్తి చూడాలి. బిడ్డ గడ్డం లోపలికి జారితే అది పెద్దదని అర్థం. గాలి ఊదే చేతిపట్టీలు రక్షణ కావు.

పసిబిడ్డ జానెడు నీటిలోనూ చప్పుడు లేకుండా మునిగిపోగలదు. కనుక ఒడ్డున బస చేసినప్పుడు ఫలానా సమయంలో ఫలానావారు బిడ్డను కనిపెట్టి ఉండాలని ముందే నిర్ణయించుకోవాలి. "అందరూ చూస్తున్నారు" అంటే ఎవరూ చూడటం లేదన్నమాటే. నీటిలో పడిన బిడ్డను తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయరాదు. ఊపిరి లేకుంటే ముందుగా ఐదుసార్లు నోటితో శ్వాస అందించి, ఛాతీ మధ్య నొక్కుతూ 108 కు కబురు చేయాలి. ఈ పద్ధతిని యాత్రకు ముందే వైద్యుల వద్ద నేర్చుకోవడం మంచిది.

దోమలు, విషకీటకాలు

మన్యం ప్రాంతంలో మలేరియా భయం ఉంది. దోమతెర తప్పక తీసుకువెళ్ళాలి. వేపాకు పొగ గుడిసె వెలుపలే వేయాలి. మూసిన గుడారంలో పొగ బిడ్డకు ఉబ్బసం తెప్పిస్తుంది. కర్పూరం బిడ్డ చేతికి అందనీయరాదు, ముక్కుకు రాయరాదు. నోట్లో పడితే మూర్ఛలు వస్తాయి. తిరిగి వచ్చిన నెల రోజులలో జ్వరం వస్తే, వెళ్ళివచ్చిన ప్రాంతం పేరు వైద్యునికి చెప్పి రక్తపరీక్ష చేయించాలి. తేలు, పాము కాటుకు పసరు మందులు, బిగుతు కట్లు వద్దు. కుట్టిన అవయవం కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి.

వెంట ఉండవలసినవి

ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, వరిపేలాలు, రాగిపిండి, కాచిన నీరు, జ్వరమాపకం, వైద్యుడు బిడ్డ బరువును బట్టి రాసిన జ్వరం మందు, దోమతెర, కొలతకు తగిన జాకెట్, టార్చిలైటు.

ఈ సామగ్రి అంతా ఒక సంచిలో ఇమిడిపోతుంది. బయలుదేరే ముందు బస నుంచి ఆసుపత్రికి ఎంత దూరమో, పడవ నిర్వాహకులకు అనుమతి ఉన్నదో లేదో విచారించండి. సరైన సమాధానం రాకపోతే ఆ పడవ ఎక్కకండి. ఒడ్డునే కూర్చుని నది గాలి పీల్చినా బిడ్డకు అది విహారమే.