ఆవకాయ చూస్తే నోరెందుకు ఊరుతుంది?

ఆవకాయ జాడీ మూత తీయగానే నోట్లో నీళ్లూరతాయి. ముక్క ఇంకా నాలుక మీద పడనే లేదు! కన్ను, ముక్కు కబురందించగానే మెదడు నాడుల ద్వారా లాలాజల గ్రంథులను తట్టిలేపుతుంది. వేగస్ నాడి ద్వారా జీర్ణాశయానికీ కబురు వెళ్తుంది. జఠరరసం ముందే ఊరడం మొదలవుతుంది.

అసలు విచిత్రం చిన్నపేగులో ఉంది.

జఠరరసంలోని ఆమ్లం కలిసిన ఆహారం అక్కడికి దిగగానే క్లోమం తన రసాన్ని వదులుతుంది. దానికి చెప్పేదెవరు? ఇదీ నాడుల పనేనని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ నమ్మారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు ఒక కుక్క పేగు ముక్కకు వెళ్లే నాడులను తెంచి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమరసం కారింది! అయితే కబురు రక్తంలో వెళ్తుండాలి. వెంటనే పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, వడకట్టి రక్తంలోకి ఎక్కించారు. మళ్లీ రసం వచ్చింది. ఎంత సూటైన ప్రయోగమో చూడండి! ఆ పదార్థమే సెక్రెటిన్. ఇలాంటి రసాయన దూతలను 1905లో స్టార్లింగ్ ‘హార్మోన్లు’ అన్నారు.

సెక్రెటిన్ రప్పించే రసంలో బైకార్బనేట్ ఉంటుంది, వంటసోడాలో ఉండేదే. అది ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఆమ్లం తగ్గగానే సెక్రెటిన్ తగ్గుతుంది, క్లోమమూ నెమ్మదిస్తుంది.