మాట తెలుగు.. ఓటు లెక్క వేరు
పార్టీ గాలికి లొంగని బాగేపల్లి

బాగేపల్లి: బెంగళూరు నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకుని వంద కిలోమీటర్లు వస్తే బాగేపల్లి. ఇంకాస్త ముందుకెళితే కొడికొండ చెక్‌పోస్టు, అవతల ఆంధ్ర. ఇక్కడ అంగడి బోర్డు కన్నడం, అంగట్లో బేరం తెలుగు. బడిలో పాఠం కన్నడం, ఇంటికొస్తే అమ్మతో మాట తెలుగు. ఎన్నికలొస్తే అన్ని పార్టీల మైకులూ తెలుగే మాట్లాడతాయి. తెలుగు రాని అభ్యర్థికి ఇక్కడ పల్లె తిరగడమే కష్టం. అంతమాత్రాన తెలుగు మాట్లాడితే ఓటు పడుతుందా అంటే, అదేం లేదు.

ఎర్రజెండా ఎగిరిన ఊరు
కర్ణాటకలో కమ్యూనిస్టులు గెలిచే చోట్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందులో బాగేపల్లి ఒకటి. 1983లో రాష్ట్రమంతా జనతా గాలి వీస్తే ఇక్కడ సీపీఎం తరఫున ఎ.వి. అప్పస్వామిరెడ్డి గెలిచారు. 1994లో జనతాదళ్ రాష్ట్రాన్ని ఊడ్చేస్తే ఇక్కడ గెలిచింది సీపీఎం అభ్యర్థి జి.వి. శ్రీరామరెడ్డి. 2004లో మళ్లీ ఆయనే. కరువు సీమలో భూమి, కూలి, తాగునీళ్ల కోసం జెండా పట్టుకుని తిరిగిన పార్టీ కాబట్టి పల్లెల్లో దానికి వేళ్లు దిగాయి.

2008లో కాంగ్రెస్ అభ్యర్థి ఎన్. సంపంగి గెలిచారు. 2013లో రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. బాగేపల్లి మాత్రం స్వతంత్రుడిగా నిలబడిన ఎస్.ఎన్. సుబ్బారెడ్డిని ఎన్నుకుంది. 2018లో ఆయనే కాంగ్రెస్ గుర్తుమీద 65,710 ఓట్లతో గెలిచారు. శ్రీరామరెడ్డికి అప్పటికీ 51,697 ఓట్లు పడ్డాయి. 2022 ఏప్రిల్‌లో శ్రీరామరెడ్డి కన్నుమూశారు. మరుసటి ఏడు జరిగిన ఎన్నికల్లో సీపీఎంకు దక్కింది 19,621 ఓట్లే. సుబ్బారెడ్డి మళ్లీ గెలిచారు, బీజేపీ రెండో స్థానానికి వచ్చింది. ఓటు జెండాదా, మనిషిదా అన్న ప్రశ్నకు ఈ అంకెలే చాలావరకు జవాబు చెబుతాయి.

సినిమా వేరు, ఓటు వేరు
తెలుగు సినిమా అంటే ఇక్కడ ప్రాణం. కొత్త బొమ్మ పడితే ఆంధ్రలో ఎంత సందడో ఇక్కడా అంతే. కానీ డైలాగులతో తెలుగు, కన్నడ ప్రేక్షకులిద్దర్నీ ఊపేసిన నటుడు సాయికుమార్ బీజేపీ తరఫున 2008లోనూ, 2018లోనూ ఇక్కడ పోటీచేసి గెలవలేకపోయారు. రెండోసారి డిపాజిట్ కూడా దక్కలేదు. పక్కనున్న చిక్కబళ్లాపురంలో 2023లో బ్రహ్మానందం ప్రచారానికి వస్తే జనం విరగబడి వచ్చారు, నవ్వారు. ఆయన ఓటడిగిన అభ్యర్థి మాత్రం ఓడిపోయారు.

అసలు కథ నీళ్లదే
ఇక్కడ ఏ నది చూసినా వానాకాలపు ఏరే. బోరు వందల అడుగులు దించితే వచ్చే నీళ్లలో ఫ్లోరైడు. వేరుశనగ, రాగి వేసిన రైతు మబ్బు వైపే చూడాలి. అందుకే ఎవరొచ్చి ఓటడిగినా ఊరడిగేది నీళ్లే. చిత్రావతి మీద పరగోడు దగ్గర ఆనకట్ట కట్టబోతే 2000ల మొదట్లో దిగువనున్న అనంతపురం రైతులు అడ్డం చెప్పారు. రెండు వైపులా మాట్లాడే భాష ఒకటే. ఒకే ఏరు. అయినా నీళ్ల దగ్గరికొచ్చేసరికి ఎవరి రాష్ట్రం వాళ్లదైంది. పశ్చిమ కనుమల నుంచి ఎత్తినహొళె నీళ్లు తెస్తామన్న మాట ఎన్నో ఎన్నికలు దాటింది. ఆ పథకం మొదటి దశ 2024 సెప్టెంబరులో మొదలైంది. ఆ నీళ్లు ఈ తాలూకా దాకా ఎప్పుడొస్తాయన్నదే రచ్చబండ మీద లెక్క.

పేరు మారితే..
2025 జులైలో నందికొండ మీద సమావేశమైన కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లిని ‘భాగ్యనగర’గా మార్చాలని నిర్ణయించింది. ‘పల్లి’ అన్నది తెలుగు వాసన, కన్నడ పేరు కావాలన్నది అడిగినవాళ్ల వాదన. తరతరాలుగా నోట్లో నానిన పేరు పోతే మనసు చివుక్కుమనేవాళ్లు ఉండకపోరు. అయితే భాష పేరుతో ఓట్లు కూడగట్టే అలవాటు ఈ ఊరికి లేదు. తెలుగువాళ్లే అన్ని పార్టీల్లోనూ ఉన్నారు, ఒకరిమీద ఒకరు నిలబడతారు, ఒకరినొకరు ఓడిస్తారు. కన్నడం రాజ్యభాష, తెలుగు ఇంటిభాష అని ఎప్పుడో సర్దుకున్న జనం వీళ్లు.

ఆ సర్దుబాటులో ఒక బలం ఉంది, ఒక లోటూ ఉంది. భాష చూసి ఓటెయ్యరు కాబట్టి ఏ పార్టీ వీళ్లను సొంత మూటలా లెక్కేసుకోలేదు. అదే కారణంతో, ఊరి పేరులోని తెలుగు గురించి గట్టిగా అడగాల్సిన అవసరం ఏ పార్టీకీ కనిపించదు. బోర్డు మీద పేరు ఏదైనా, రేపు ఓటడగడానికి వచ్చేవాళ్లు తెలుగులోనే అడగాలి. వాళ్లకు ఊరు వేసే ప్రశ్న కూడా తెలుగులోనే ఉంటుంది: నీళ్లెప్పుడు?